సార్ రెండోసారి అడగని ప్రశ్న

సార్ పోయారని ఆయన తమ్ముడు మందమర్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్‌లో మా కాలేజీ ల్యాబ్‌లో పిల్లల చేత లోలకం ఊపులు లెక్కపెట్టిస్తున్నాను. ముందు కలిగింది దుఃఖం కాదు, ఇక ఆయనకు చెప్పాల్సిన పని లేదన్న ఊరట. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆయన దగ్గర నేను పీహెచ్‌డీ చేశాను. ఆకాశం నుంచి కురిసే, కంటికి కనబడని కణాలను పట్టుకోవడం ఆయన పని. అందుకు వాయువు నింపిన గొట్టాలను తన చేతులతోనే తయారుచేసేవారు. ప్రతి అతుకుకూ సబ్బునీళ్ళు రాసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని చూస్తూ కూర్చునేవారు. నాకేమో విసుగు. "నిన్ననే చూసినం గద సార్" అంటే, "నిన్నటి గొట్టం నిన్నటిది" అనేవారు. ఆయన తండ్రి బొగ్గుబాయి కార్మికుడు. "మా బాపు పైకప్పును కర్రతోని కొట్టి, సప్పుడు విన్నంకనే పనిల దిగేటోడు. గది మరిచిననాడు మనిషి ఇంటికి రాడు" అని చెప్పేవారు. ఇవాళ నా పిల్లల చేత ఒకే కొలత పదిసార్లు తీయిస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త కణం జాడ ఉండొచ్చనుకునే లెక్కల భాగాన్ని కంప్యూటర్‌లో మూసి ఉంచుతాం. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో నియమాలన్నీ ఖాయం చేశాకే తెరవాలి. ముందే చూస్తే మనసు తనకు కావలసినట్టు నియమాలను వంచేస్తుంది. దాన్ని మేం 'పెట్టె' అనేవాళ్ళం.

నేను ముందే తెరిచాను. గడువు దగ్గరపడింది, ఒక్కసారి చూస్తే పోయేదేముంది అనుకున్నాను. గ్రాఫులో కొత్త కణం జాడేమో అనిపించేలా చిన్న గుట్ట కనిపించింది. అది ఇంకాస్త లేచేలా నియమాలు సర్దాను. అందరి ముందూ పెట్టె తెరిచే రోజు సార్ అడిగారు.

"ముందుగాల ఎవరన్న చూసిండ్రా?"

"లేదు సార్" అన్నాను.

పేపర్ అచ్చయింది. ఏడాది తిరక్కుండానే మరో బృందం వెతికితే ఆ గుట్ట లేనే లేదు. సార్ పేపర్ వెనక్కి తీసుకుని, తప్పు తనదేనని రాశారు. అప్పటికే నాకు పట్టా వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఆయన చేతికి మాత్రం మళ్ళీ ఎవరూ కొత్త ప్రయోగం ఇవ్వలేదు. రిటైరై మందమర్రి చేరారు. ఆ తప్పు నాది, ఆయనది కాదు. ఇది చదివేవాళ్ళు ఆ సంగతి తెలుసుకోవాలనే రాస్తున్నాను.

ఒకసారి మా కాలేజీకి పిలిస్తే వచ్చారు. గంటసేపు పిల్లలకు పెట్టె కట్టుబాటు గురించే చెప్పారు. ఒక పిల్ల లేచి, "ఎవలన్న దొంగతనంగ చూస్తె ఎట్ల సార్?" అని అడిగింది. "చూసినోళ్ళే చెప్పాలె బిడ్డా" అన్నారు. నా వైపు చూడనైనా లేదు. బస్టాండులో చెబుదామని నోటిదాకా వచ్చింది. "సీటు దొరికింది, నువ్వు పోయి క్లాసు చూస్కో" అన్నారాయన. హమ్మయ్య అనుకుని వచ్చేశాను.

దినాలయిన మర్నాడు మందమర్రి వెళ్ళి, సార్ భార్యకు అంతా చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. ఆమె ఏడవలేదు.

"ఆయనకు ఎర్కనే బిడ్డా. ఎవలు ఎప్పుడు తెరిచిండ్రో కంప్యూటర్ల రాసి ఉంటదంట గద. పేపర్ వాపస్ తీస్కునేటప్పుడు చూసిండు."

అన్నేళ్ళలో ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"మరి సార్ నన్నెందుకు అడగలేదమ్మా?"

"నేను గూడ గదే అడిగిన. 'ఒకసారి అడిగిన. మళ్ల అడిగితె మళ్ల అబద్ధమాడుతది. ఆ పిల్లతోని రెండోసారి ఎందుకు ఆడిపించుడు, తనే వచ్చి చెప్తది' అన్నడు."

ఆమె లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. మీగడ కట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.