మా తెలుగు సారు బతికించిన పిల్లాడు

మా తెలుగు సారు పోయారు. మొన్న పొద్దున ఆయన ఉంటున్న జమ్మలమడుగు మిషన్ కాంపౌండు నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "టీ తాగతా తాగతా ఒరిగిపోయినాడమ్మా," అన్నాడు. సుఖమైన చావే. బతుకును మాత్రం మా ఊరు అంత సుఖంగా సాగనివ్వలేదు.

శనివారం చివరి పీరియడ్‌లో సారు మాకోసం రాస్తున్న నవల చదివేవారు. వానలు ఆగి లోకం అంతమైపోతుంది. పులివెందుల బూడిద. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ నిండా తేళ్ళు. మిగిలిన పిల్లలు ఎండిన పెన్న వెంట సముద్రానికి నడుస్తారు. ఆ పిల్లలకు మా పేర్లే పెట్టారు. క్లాసులో పార్టీకొక వరసగా కూర్చునే మేం, నవల్లో మాత్రం ఒకే కడవ నీళ్ళు తాగేవాళ్ళం. "దప్పికైతే పార్టీ గుర్తుండదురా," అనేవారు.

ఆయన చేసిన తప్పల్లా ఒకటే. మా క్లాసువాణ్ణి, ఒక పార్టీ నాయకుడి కొడుకును, నవల్లో మిగతావాళ్ళకు నీళ్ళు తేవడానికి బావిలోకి దించి, వీరుడిలా చంపారు. తండ్రి గర్వపడతాడనుకున్నారు, పాపం. బతికున్నవాడి చావును ఎవరైనా ఊరికే రాస్తారంటే ఫ్యాక్షన్ ఊళ్ళో నమ్మేదెవరు?

తండ్రి మనుషులతో బడికే వచ్చాడు.

"మావాన్ని సంపినావంట. ఎవురు రాయమన్యారు?"

"కథప్పా అది."

"ఈడ మాట ముందొస్తాది, శవం యెనకొస్తాది సారూ."

మా కళ్ళముందే ఆ మనుషులు సారు కుడిచేతి వేళ్ళు మెట్టుమీద పెట్టి రాయితో నలగ్గొట్టారు. హెడ్మాస్టరు తన గది తలుపు వేసుకున్నారు.

సారు ఎడమచేత్తో ఆ అధ్యాయం మార్చి రాశారు. పిల్లాడు బావిలోంచి బయటికొచ్చాడు. చిత్రమేమిటంటే కోపం అసలు పిల్లాడికే వచ్చింది. "నన్నెందుకు బతికించినావు సారూ? సచ్చిందే శానా బాగుండె!" అన్నాడు.

"మీ నాయన మాట యముడు గూడా ఇనాల గదరా," అన్నారు సారు.

యముడు వినలేదు. వాడు కాలేజీకి వచ్చాక, ఎన్నికల ముందు, తండ్రి దొరక్క అవతలి పార్టీవాళ్ళు వాణ్ణి పులివెందుల బస్టాండులో నరికారు.

దినాలయ్యాక తండ్రి సారు ఇంటికొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయనకు చదువు రాదు.

"ఆ పుస్తకంలో మావాడు ఇంగా ఉండాడా సారూ?"

"ఉండాడు. నువ్వు సెప్పినావని బతికించినా. అవతలోళ్ళకు గూడా సెప్పుకోవాల్సిందప్పా."

తండ్రి గడపమీద కూలబడి, "సదువు సారూ," అన్నాడు. సారు చదివారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, అడిగినప్పుడల్లా చదివారు. ఒక్కసారి కూడా కుర్చీ చూపించలేదు. దాన్ని క్షమ అని నేననను. రాయి పట్టుకున్నవాడికి భయపడి కథ వదిలెయ్యకూడదని నాకు నేర్పింది ఆయనే. అందుకు నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను.

నిన్న సమాధుల తోటలో అందరం గుప్పెడేసి మట్టి వేశాం. ఆ తండ్రి, ఇప్పుడు పండు ముసలి, గుంట అంచున నిలబడి నన్నడిగాడు.

"సముద్రం కాడికి పోయినాంక పిల్లోళ్ళు ఏమైతారమ్మా? సారు యెప్పుడూ ఆడికే ఆపేస్తాండె."

"పుస్తకం ఆడికే అయిపోయింది పెద్దాయనా."

"అయితే మావాడు ఆన్నే ఉండిపోయినాడు. ఇంటికి తోలుకొచ్చేదానికి ఇంగ ఎవురూ లేకపాయ."

పిడికిట్లో మట్టి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. గుంట పూడ్చేవాళ్ళు ఆయన ఎప్పుడు జరుగుతాడా అని పారలు పట్టుకుని ఎండలో చూస్తున్నారు.