తట్టు ఎవరికి వచ్చింది?

మా హాస్టల్లో సుమిత్రకు తట్టు పోసింది. నిన్నటి నుంచి ఏమీ తాగడం లేదు. తట్టు ఒకసారి వచ్చి తగ్గినవాళ్లే ఆ గదిలోకి వెళ్లాలని వంటావిడ నియమం. ఒకసారి వచ్చిన రోగాన్ని ఒళ్లు గుర్తుపెట్టుకుని మళ్లీ రానివ్వదని, అదే రోగనిరోధక జ్ఞాపకమని ఉదయమే జువాలజీలో చదివిన నేను హుషారుగా అంబలి గిన్నె అందుకున్నాను.

"నాకు చిన్నప్పుడే వచ్చింది. వేపాకులు, చీకటి గది, అన్నీ గుర్తున్నాయి."

"గుర్తుంటే సాలదే గుంటా. బేగి మీయమ్మకి ఫోన్ సెయ్యి," అంది వంటావిడ.

చేశాను. అమ్మ నవ్వింది. "నీకెక్కడొచ్చినాదే? ఒచ్చింది మీ అక్కకి. నిన్నేమో అప్పుడు చింతపల్లి అమ్మమ్మకాడికి అంపీసినాం."

అక్క చెప్పిన కథనే ఇన్నేళ్లూ నా జ్వరం అనుకున్నానన్నమాట. నా తలకు గుర్తున్నది నా ఒంటికి తెలియదు.

గిన్నె వంటావిడే తీసుకెళ్లింది. మూసిన కిటికీ ఇవతల నుంచి నేను బతిమాలితే సుమిత్ర సగం తాగింది.

మీకు గుర్తున్న జ్వరాలన్నీ మీవేనా? ఓసారి ఇంట్లో కనుక్కోండి.