గట్టి చీరకు ఇంగ్లీషు మాట

పొద్దున్నే దేవుని పటం ముందు దీపం వెలిగించి దండం పెట్టుకున్నాక, పుష్పావతమ్మ పక్కింటి గోడ దగ్గరికి వెళ్లి నిలబడేది. గోడకు అవతల సౌమ్య ఉండేది. ఆ పిల్ల బత్తలపల్లిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. బస్సుకు ఎంత తొందరున్నా ఈమెకు ఒక ఇంగ్లీషు మాట చెప్పకుండా గడప దాటేది కాదు. మేలు చేసే మనుషులను దేవుడు ఒక్కోసారి ఎంత దగ్గరగా పెడతాడో!

నేర్చుకున్న మాటను పుష్పావతమ్మ మొదట ఎదురుపడిన మనిషి మీదనే వాడి చూసేది. 'థిన్' నేర్చుకున్న రోజు పాలాయన దొరికాడు.

"యువర్ మిల్క్ ఈజ్ వెరీ థిన్" అంది.

"థ్యాంక్యూ అక్కా" అని ఆయన పొంగిపోయి ఇంకొంచెం పోసి వెళ్లాడు.

'సాఫ్ట్' నేర్చుకున్న రోజు "మై హస్బెండ్ ఈజ్ సాఫ్ట్" అని వీధిలో అందరికీ చెప్పింది. లోపల మగ్గం మీదున్న వేణుగోపాల్ కు అది వినపడింది.

"ఏమే, నన్ను ఏమంటాండావు?"

"పొగుడుతాండా లేప్పా, నువ్వు నెయ్యి!"

ఈ చదువంతా ఆ మగ్గం కోసమే. ధర్మవరంలో వాళ్లు నేసిన చీరకు దళారులు ఏదో ఒక వంక పెట్టేవాళ్లు. ఇట్లాగే సాగితే సొంత మగ్గం ఆపి, వేణుగోపాల్ ఇంకొకరి ఇంట్లో కూలికి నేయాల్సి వచ్చేది. అది చూడలేక సౌమ్య తన స్నేహితురాలి మేనత్త మృణాల్ గారిని కుదిర్చింది. ఆమె ఉండేది పూణేలో. వీడియో కాల్ లో ఒక చీర చూసి, నచ్చితే వాళ్లింటి పెళ్లి చీరలన్నీ ఇక్కడే నేయిస్తానంది.

ఆ కాల్ రావాల్సిన రోజు పొద్దున పుష్పావతమ్మ గోడ మీదుగా అడిగింది.

"పాపా, గట్టి అంటే ఇంగ్లీషులో ఏమి?"

సౌమ్య నోట్లో క్లిప్పు పెట్టుకొని జడ వేసుకుంటోంది.

"గట్టిగా చదవండ్రా అని పిల్లోళ్ల మీద రోజూ అరుస్తాను కదత్తా. లౌడ్!" అని బస్సుకు పరుగెత్తింది.

కాల్ వచ్చింది. పుష్పావతమ్మ ఆకుపచ్చ చీర పరిచి, ఆవపువ్వు రంగు అంచు చూపించింది.

"దిస్ సారీ ఈజ్ వెరీ లౌడ్, మేడమ్. మై హస్బెండ్ మేక్స్ ఓన్లీ లౌడ్ సారీస్."

బట్టను లౌడ్ అంటే, రంగులు కళ్లకు కొడుతున్నాయని అర్థం. మృణాల్ గారి మొహం చిన్నబోయింది.

"నో నో, ఐ డోంట్ వాంట్ లౌడ్!"

పుష్పావతమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి మొగుని వైపు తిరిగింది.

"ఏమప్పా, ఈయమ్మ గట్టి చీర వద్దంటాండాదే!"

"అంటే? చినిగేది కావాల్నా?"

"ఏమో, పెద్దింటోళ్లు. ఒకసారి కట్టి పారేస్తారేమో."

వేణుగోపాల్ కు రోషం వచ్చింది. మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, చీర అంచును రెండు పిడికిళ్లకు చుట్టుకొని, గోడకు కాలు తన్నిపెట్టి ఫోను ముందు లాగాడు.

"సూడమ్మా! ఎద్దును కట్టేసినా తెగదు! చినిగే చీర నాకు నేసేకి రాదు!"

ఆమెకు తెలుగు రాదు. అయినా ఆ గోడ, ఆ కాలు, ఆ మెడనరాలు చూశాక వేరే చెప్పే పని లేకపోయింది.

"ఓ! స్ట్రాంగ్! యూ మీన్ స్ట్రాంగ్!"

"ఆఁ, అదే మేడమ్! గట్టి!"

లౌడ్ అంటే ఏమిటో మృణాల్ గారు నిదానంగా విడమరిచి చెప్పింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ చీర తీసుకుంది, పెళ్లి చీరలూ మీరే నేయండి అంది. వేణుగోపాల్ దేవుని పటం వైపు చేతులు జోడించాడు. ఈ తమాషా ఇప్పుడే సౌమ్యకు ఫోన్ చేసి చెప్తానని మృణాల్ గారు ఇంకా నవ్వుతూనే ఉంది.

పుష్పావతమ్మ నవ్వు ఆగిపోయింది. తను చెప్పిన మాటకే బేరం చెడబోయిందని తెలిస్తే ఆ పిల్ల ఎంత నొచ్చుకుంటుంది! ఫోనును మొహానికి దగ్గరగా తెచ్చుకొని, వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుంది.

"మేడమ్, సౌమ్య గుడ్ గర్ల్. షి గివ్ గుడ్ వర్డ్. ఐ పుట్ రాంగ్ ప్లేస్. ప్లీజ్ మేడమ్, యూ డోంట్ టెల్ హర్."