మార్గరెట్ ఆంటీ శాండ్‌విచ్

ఆల్బనీలో మా ఫ్లాట్‌లో పొద్దున్నే నేను టోస్టు మీద ఈస్ట్ పేస్టు రాస్తుంటే, పక్క గది అమ్మాయి వెళ్ళి కిటికీ తీస్తుంది. ఆ పిల్ల తప్పేం లేదు. తారులా నల్లగా, గ్రీజులా జిగటగా ఉండే ఆ పదార్థం, మూతపెట్టి మూడ్రోజులు మర్చిపోయిన ఉప్పుచేపల గిన్నెలా కంపు కొడుతుంది. ఈ దేశంవాళ్ళు, అదే కివీలు, దాన్ని పసిపిల్లలకి కూడా పెడతారు, ఎవరూ కేసు పెట్టరు. నాకైతే సీసా మూత తీయగానే మౌంట్ రాస్కిల్‌లో చిన్నప్పటి మా ఇంటికి దగ్గర్లో ఉన్న లైబ్రరీ తివాచీ గుర్తొస్తుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. లైబ్రరీ గుమ్మం పక్కన ‘పెద్దవాళ్ళ కోసం’ అని ఒక బోర్డు ఉండేది. పెద్దవాళ్ళ కోసమంటే లోపల ఏదో ఘోరం జరుగుతుందని ఆశపడ్డాను. తీరా చూస్తే సోమవారం అల్లికలు, బుధవారం కంప్యూటర్ నేర్చుకోవడం, శనివారం ఇంగ్లీషు మాట్లాడే క్లాసు. ఆ శనివారాల్లో, ఇక్కడ జులైలో వచ్చే చలికి, ఆగని వానకి, గోడవారన నిలబెట్టిన గొడుగుల నించి కారిన నీళ్ళూ, తడిసిన ఉన్ని కోట్లూ, హీటర్ మీద ఎవరో మొహమాటం లేకుండా ఆరేసిన సాక్సులూ, వాటన్నిటి ఆవిరినీ పీల్చి దాచుకున్న పాత తివాచీ, అందరూ చెయ్యిపెట్టి కెలికి మళ్ళీ వదిలేసిన అల్లం బిస్కెట్ల డబ్బా, అన్నీ కలిసి ఒకే వాసనైపోయేవి. పిల్లల మూలన మెత్తటి సంచీ కుర్చీ ఒకటుండేది. ఆ పేట పిల్లలందరూ ముక్కు దానికే తుడిచారు. అందుకని నేను పెద్దవాళ్ళ బల్ల కింద దూరి, బూట్లని బట్టి మనుషుల్ని కనిపెట్టే ఆట ఆడుకునేదాన్ని.

అందులో అరిగిన తెల్ల బూట్లు మా అమ్మవి. గుంటూరులో పదకొండేళ్ళు వార్డుని గడగడలాడించిన నర్సు, ఇక్కడికొచ్చి ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పనిలో ఉంది. మళ్ళీ నర్సు కావాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. చదవడం, రాయడం వచ్చాయి. మాట్లాడే పరీక్ష మాత్రం రెండుసార్లు పోయింది. ఏమడిగినా “వెరీ నైస్” అని ఆగిపోయేది. చర్చిలో ఆంటీలు ఆమె కోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేశారు. పరీక్షలో ఇంకో రెండు ముక్కలు మాట్లాడి ఉంటే పాపం వాళ్ళు భోంచేసేవాళ్ళు.

క్లాసు చెప్పేది మార్గరెట్, రిటైరైన టీచరు. పేరుపెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మకి నోరు రాక, ఆంటీ చేసేసింది. ఆవిడ ప్రతి శనివారం ఆ నల్లముద్ద రాసిన శాండ్‌విచ్‌లు డబ్బానిండా తెచ్చి, ఒక్కొక్కరి చేతిలో రెండేసి పెట్టేది. పెద్దావిడ స్వయంగా చేసి పెట్టిందాన్ని వద్దనడం మా ఇంటా వంటా లేదు. మా అమ్మ రెండు చేతులా అందుకుని “వెరీ నైస్, ఆంటీ” అని, బల్ల కిందికి నాకు అందించేది.

“తినవే, ఆవిడ చూస్తా ఉంది.”

“వాంతొస్తందమ్మా.”

“ముందు మింగు, తర్వాత తెచ్చుకో.”

పక్క కుర్చీలో కూర్చునే చైనా తాతగారికి బల్ల కింద కూతురు లేదు. ఆయన టిష్యూలో చుట్టి కోటు జేబులో పెట్టుకునేవాడు. అలా మూడు నెలలు గడిచాయి.

మూడోసారి పరీక్ష రెండు వారాల్లో ఉందనగా, మార్గరెట్ ఆంటీ అమ్మకి ఉత్తుత్తి పరీక్ష పెట్టింది. నచ్చని తిండి గురించి చెప్పమంది.

“అన్నీ వెరీ నైస్, ఆంటీ.”

“నచ్చనిదేదీ లేదా?”

“లేదు, ఆంటీ.”

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. “ఇలాగైతే మళ్ళీ తప్పుతావు. నచ్చిందనడానికి ఒక్క మాట చాలు. నచ్చలేదనాలంటే కారణాలు చెప్పాలి, అప్పుడే నోరు తిరుగుతుంది.”

బల్ల కింద నా చేతిలో అప్పటికి సగం కొరికిన ముక్క ఉంది. నాకు తెగింపు వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, వచ్చింది వాంతి. పైకి లేచి ఆ ముక్కని అమ్మ ముందు పెట్టి, నోరు మూసుకుని నిలబడ్డాను.

అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఇది తనకి నచ్చదంది. ఎందుకంటే చీముపట్టిన పుండుకి కట్టు విప్పినప్పుడు వచ్చే వాసన దీనికుందంది. ఎందుకంటే వార్డులో అప్పుడెలా ఊపిరి బిగబట్టేదాన్నో ఇక్కడా అలాగే బిగబడుతున్నానంది. చీము రంగు, చిక్కదనం, కడిగే పద్ధతి వరుసగా చెప్పింది. వింటున్నవాళ్ళు బిస్కెట్లు కూడా డబ్బాలో పెట్టేశారు. చివరికి గొంతు తగ్గించి, “మీకు చెప్పలేక నా కూతురి చేత తినిపించాను. అది ఇంకా అసహ్యం” అంది.

మార్గరెట్ ఆంటీ గడియారం చూసింది. “నాలుగు నిమిషాలు” అంది. తర్వాత, “నాకూ ఇది పడదు. మా ఆయనకిష్టం. ఆయన పోయి రెండేళ్ళయినా శనివారం పొద్దున చేతులు వాటంతటవే చేసేస్తున్నాయి” అంది.

పోయినాయన అలవాటుని పదిమందిమి మూడు నెలలపాటు అరిగించుకున్నామన్నమాట. చైనా తాతగారు జేబులోంచి టిష్యూ పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకొకటి కూడా తీశాడు. రెండోది కిందటి వారంది.

తర్వాతి శనివారం అమ్మ గోంగూర పచ్చడి, అన్నం పట్టుకెళ్ళింది. మార్గరెట్ ఆంటీ ఒక ముద్ద తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, నచ్చలేదంటూ మూడు కారణాలు చెప్పింది. “మొహమ్మీదే అంటదా? పెద్దరికమన్నా ఉండొద్దా?” అని అమ్మ ఇంటికొచ్చి వారంరోజులు సణిగింది. ఆ కోపంలోనే వెళ్ళి పరీక్షలో మాట్లాడింది. పాసైంది.

పోయిన నెల ఏదో ఫారం ప్రింటు తీసుకోవాలంటే అమ్మని ఆ లైబ్రరీకే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. తివాచీ మార్చేశారు, బిస్కెట్ల డబ్బా లేదు, దేనికీ ఏ వాసనా లేదు. మార్గరెట్ ఆంటీ కూడా వాళ్ళాయన దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ గదిలో ఇప్పుడు ఒక తెర, హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. దాంతో ఇంగ్లీషులో మాట్లాడితే అది బదులు చెబుతుంది. అమ్మ కూర్చుని, ఈ గది తనకి నచ్చలేదనీ, ఎందుకంటే ఇక్కడ మనుషులు లేరనీ చెప్పింది. చాలా బాగా చెప్పారంది అది. నువ్వూ నచ్చలేదంది అమ్మ. అద్భుతమంది.

అమ్మ హెడ్‌ఫోన్స్ తీసేసింది.

“పాపం, ఇది కూడా పరీక్ష తప్పుతదే” అంది. బయటికొస్తూ, నర్సు కదా, చేతులు రెండుసార్లు కడుక్కుంది.