నా అక్షరాల కోసం ఆగిన రోడ్డు

మొన్న మంగళవారం మా ఊరి పంచాయతీ ఆఫీసులో, ఉద్యోగంలో చేరి ఏడాదైనా అయి ఉండని ఒక అమ్మాయి, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద మిషన్ ఒకటి నా ముందుకు జరిపి, "ఇగ ఇక్కడ వేలు పెట్టవ్వా, అయిపోతది" అన్నది. రోడ్డు పక్కన ప్రభుత్వ సొమ్ముతో పూలకూ కూరగాయలకూ ఒక చల్లటి గది కట్టిస్తారట, దాని పక్కనే ఏరి, కట్టలు కట్టి, పెట్టెల్లో సర్దుకునేందుకు షెడ్డు వేస్తారట, అందుకు మా మహిళా సంఘంలో ఉన్న వాళ్లందరి ఒప్పుదల కావాలట. నా ముందు వరుసలో ఉన్న వాళ్లు, డిగ్రీలు చదివిన మా కోడళ్లతో సహా, టకటకా వేళ్లు పెట్టి పక్కకు జరిగారు. నేను మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని కాగితం చూపించమన్నాను. కాగితం లేదు, అంతా ఈ డబ్బాలోనే ఉన్నదని ఆ పిల్ల నవ్వింది. వెనక నుంచి ఎవరో "అయ్యో, పెద్దమ్మ ముంగట పెట్టినవా మిషను, ఇగ అయినట్టే!" అంటే అందరూ నవ్వారు. నవ్వనీ. ముప్పై ఏళ్ల కింద ఈ ఊరి రోడ్డు నా మూలంగా ఎనిమిది నెలలు ఆగింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు, తిట్టారు.

నా ఈడు వాళ్లకు ఆ రోజులు చెప్పనక్కరలేదు. చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ, పెద్ద రోడ్డుకు రెండు మైళ్లు లోపలికి ఉన్న మా ఊరికి బండ్ల బాట తప్ప ఏమీ ఉండేది కాదు. ఎండాకాలం మోకాటి లోతు దుమ్ము, వానాకాలం మోకాటి లోతు బురద. మేము చామంతులు పండించేవాళ్లం. తెల్లవారకముందే కోసి, తడి గుడ్డల్లో మూటలు కట్టి, తలల మీద పెట్టుకుని ఆ రెండు మైళ్లు నడిచి మెహిదీపట్నం పోయే మొదటి బస్సు అందుకోవాలి. ఆ బస్సు తప్పిందంటే రెండో బస్సుకు పూలు వాడిపోయేవి, మార్కెట్లో ముట్టుకునే వాడుండడు. మూటల నుంచి నీళ్లు కారుతున్నాయని కండక్టర్లు మమ్మల్ని ఎక్కనివ్వని రోజులూ ఉండేవి, అప్పుడు మేము వాళ్లను అన్న మాటలు ఇక్కడ రాయను.

ఒక ఏడు తొలకరి పడగానే, మా ఊరికి సర్కారు రోడ్డు మంజూరైందని మా పెద్దబావ కబురు తెచ్చాడు. మా ఆయనకు అన్న, అప్పటి సర్పంచు. ఆ రోడ్డు కోసం ఆయన ఎన్ని ఆఫీసుల గుమ్మాలు ఎక్కి దిగాడో నాకు తెలుసు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక వైపు వాగు, ఒక వైపు బండలు, అందుకని రోడ్డు మా మడుల గట్ల పొంటే పోవాలి, ఎవరి పొలంలో ఎంత పోతే అంత ఇస్తున్నామని ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేయాలి. అందరూ వేశారు. నలభై గుంటల నా ఎకరంలో మూడు గుంటలు పోతాయన్నారు. నేను వేయనన్నాను.

మూడు గుంటల మీద ఆశ కాదు. నా పుట్టిల్లూ ఈ ఊరే, ఆ ఎకరం మా బాపు నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. నిజానికి ఆయన ఇద్దామనుకున్నది మూడెకరాలు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, బావికి అప్పు ఇప్పిస్తానని చెప్పి ఒక మనిషి మా అరుగు మీద కూర్చుని బాపుతో ఒక కాగితం మీద వేలు పెట్టించుకున్నాడు. బాపు నవ్వుకుంటూ పెట్టి, వేలికి అంటిన సిరాను తలవెంట్రుకలకు తుడుచుకోవడం నేను కళ్లారా చూశాను. ఏడాది తిరక్కముందే అందులో రెండెకరాల చుట్టూ పట్నం వాళ్లెవరో తీగలు పాతారు. అది అప్పు కాగితం కాదు, అమ్మిన కాగితం. ఇప్పుడు అక్కడ ఈత కొట్టే తొట్టి ఉన్న ఫామ్‌హౌస్ ఉన్నది, శనివారం వస్తే పాటలు మా ఇంటిదాకా వినిపిస్తాయి. బాపు మాత్రం తను పోయేదాకా ఆ దారిన నడవలేదు.

అందుకే మా పెద్దబావతో, కాగితంలో ఏమున్నదో నేను నా కళ్లతో చదివి పెడతానన్నాను. నాకు అప్పటికి ముప్పై దాటాయి, అ అంటే ఏ వంకరో తెలియదు. ఆయన తల పట్టుకున్నాడు. "నీకు మొక్కుత తల్లీ, మార్చి దాటితే పైసలు వాపస్ పోతయి" అన్నాడు. "పోతే పోనియ్యుండ్రి బావ. సదవకుంట మాత్రం పెట్ట" అన్నాను. నా నోరు అప్పుడూ ఇంతే. వేరే వాళ్లతో చదివించి వినిపిస్తామన్నారు, బాపుకూ అలాగే ఒకడు చదివి వినిపించాడని చెప్పాను. ఆ పూట నుంచి ఊళ్లో సగం మంది నాతో మాటలు మానేశారు.

నాకు చదువు చెప్పింది మా ఆడబిడ్డ. నాకన్నా పదేళ్లు చిన్నది, ఏడో తరగతి దాకా చదివి ఆగిపోయింది. మధ్యాహ్నం పని ఆపి తినే వేళ, మడి చివర మోటరు గది గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసేది, నేను కింద వాటినే దిద్దేదాన్ని. కొడవలి పట్టిన చేతికి బొగ్గు ముక్క ఎంత బరువో అప్పుడు తెలిసింది. సంతకం ఒక్కటి నేర్చుకుంటే చాలు కదా అని అందరూ అన్నారు. సంతకం వచ్చి చదవడం రాకపోతే అది కూడా వేలిముద్రే అని నేను మొండికేశాను.

ఆ దసరాకు ముసురు పట్టింది. పూలకు మంచి ధర పలికే రోజులు. మా ఆడబిడ్డ నా ముందే మూటతో నడుస్తూ వాగు దగ్గర జారి పడింది. చామంతులన్నీ బురదలో కలిసిపోయాయి, మోకాలు చీరుకుపోయింది. నేను లేపబోతే చెయ్యి విదిలించుకున్నది. "ఏందే వదినె, నీకు క గుణింతం అచ్చేదాక మేం గీ బురదల్నే పడి సావాల్నా?" అన్నది. వెనక వస్తున్న ఆడవాళ్లు ఒక్కరు కూడా దాన్ని ఆపలేదు. దాని మోకాలికి నా కొంగు చింపి కట్టాను, నా మూటలో సగం దాని మూటలో పోశాను, ఇద్దరం పెద్ద రోడ్డు దాకా నడిచాం. ఆ మధ్యాహ్నం అది రాదనుకున్నాను. కుంటుకుంటూ వచ్చింది, కోపంతో రాస్తుంటే బొగ్గు రెండు ముక్కలైంది, ఒక్క రోజే మూడు గుణింతాలు రాయించింది.

మాఘమాసం వచ్చేసరికి కూడబలుక్కుని చదవగలిగాను. పంచాయతీలో ఇంజనీరు సారు, గుమాస్తా, మా పెద్దబావ, గుమ్మం దాకా నిండిన జనం. కాగితం మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను. మొదటి మాటే 'ఇందుమూలముగా'. చదవడమైతే చదివాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎనిమిది నెలలు ఊరిని ఆపి నేర్చుకున్న చదువు ఇంతేనా అనిపించింది. "సారూ, గీ మాట అంటే ఏంది?" అని అడిగేశాను. ఇంజనీరు గుమాస్తాను చూశాడు, గుమాస్తా గోడను చూశాడు. నేను మాట్లాడుకునే మాటల్లో రాసివ్వమన్నాను. పాపం ఆ ఇంజనీరు మంచివాడు, తెల్ల కాగితం తీసుకుని తానే రాశాడు: నా ఎకరంలో తూర్పు గట్టు పొంటి మూడు గుంటలు ఊరి రోడ్డుకు ఇస్తున్నాను, మిగిలింది నాదే. ఆ చివరి మాటను రెండు సార్లు చదువుకుని సంతకం పెట్టాను. పాత కాగితంలో ఉన్నదీ అదేనట, మోసమేమీ లేదు. నా అనుమానం తప్పైంది, నా పట్టు మాత్రం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. అయితే ఆ వానాకాలం ఊరంతా బురదలో నడిచింది నా వల్లే, మా ఆడబిడ్డ మోకాలి మీద మచ్చ ఇంకా ఉన్నది. రెండూ నిజమే.

ఆ ఎండాకాలం రోడ్డుకు మట్టి మోసింది మేమే. బస్సు ఊళ్లోకి వచ్చిన రోజు, మమ్మల్ని ఎక్కనివ్వని కండక్టరే మూట అందుకుని లోపల పెట్టాడు. ఆ తరువాత నర్సరీలు వచ్చాయి, మొయినాబాద్ కాలేజీల హాస్టళ్లలో వంట పనులు దొరికాయి, మా ఆడబిడ్డ కుట్టు మిషన్ పెట్టి నలుగురికి పని చూపించింది. పట్నానికి కిరాయి ఇంటికి పోదామని మూట కట్టుకున్న వాళ్లు కొందరు మూట విప్పారు. సర్కారు సొమ్ము మా ఊరికి చేసిన మేలు అదే. ఆ రోడ్డు నా మూడు గుంటల మీదుగా పోయిందని నాకు కొంచెం గర్వం కూడా ఉన్నది.

మొన్న ఆ పిల్ల చివరికి విసుక్కుంటూనే నాలుగు పేజీలు అచ్చు తీసి ఇచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని పైకే చదివాను. మూడో పేజీలో, షెడ్డులో పని ముందుగా ఈ ఊరి ఆడవాళ్లకే ఇవ్వాలని ఉన్నది. వేలు పెట్టి బయటికి పోయిన మా చిన్నకోడలు గుమ్మంలోంచి వెనక్కి వచ్చి, "అవునా అత్తమ్మా, గిదున్నదా ఇందుల? ఏదీ, మళ్ల సదువు" అన్నది. మళ్లీ చదివాను. ఒక్కొక్కరే లోపలికి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూశారు. ఇప్పుడు ఆ నాలుగు పేజీలూ పంచాయతీ గోడ మీద అతికించి ఉన్నాయి, పూలబుట్టలు దించి నిలబడి చదువుతున్నారు.

అక్షరం లేని రోజుల్లో వేలు పెట్టాలంటే నాకు భయమేసేది. ఇప్పటి పిల్లలకు అక్షరాలున్నాయి, చదివే ఓపిక తక్కువైంది. ఓపిక మళ్లీ వస్తుందిలెండి, ముప్పై దాటాక నాకు అక్షరాలే వచ్చాయి.

చదవడం అయ్యాక సంతకానికి పెన్ను అడిగాను. ఇందులో పెన్నుకు చోటు లేదవ్వా అన్నది ఆ పిల్ల. సరే అని, బతుకులో మొదటిసారి ఒప్పుదలకు సంతకం బదులు వేలు పెట్టాను. పచ్చ దీపం వెలిగింది. బయటికి వస్తుంటే నా చెయ్యి దానంతటదే తల మీదికి పోయి, బాపు లాగే వేలును వెంట్రుకలకు తుడుచుకున్నది. తీరా చూస్తే, వేలికి అంటింది ఏమీ లేదు.