చిరుగును లోపలికి మడిచిన రోజు

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా వాడకట్టున ఎవరింట్లో పెళ్లి ఉన్నా, చదివింపుకు కొన్న స్టీలు గిన్నెనో గోడ గడియారాన్నో ముందుగా పక్కింటి అక్క దగ్గరికి తెచ్చేవారు. దుకాణంలో అమ్మే మెరుపు కాగితం కొనేంత స్తోమత మాలో ఎవరికీ లేదు. మగవాళ్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లు, ఆడవాళ్లు ఇంటి పట్టున బీడీలు చేసేవాళ్లు. అక్క కూడా పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలే చేసేది. కానీ ఆ చేతులకు ఇంకో విద్య ఉండేది.

నూలు కట్టలకు చుట్టి వచ్చే తెల్ల కాగితాన్ని సాంచెల కార్ఖానా వాళ్లు బయట పారేసేవారు. అక్క దాన్ని ఏరి తెచ్చి, తడిచేత్తో సాపు చేసి, పసుపు నీళ్లు పూసి నీడన ఆరబెట్టేది. ఆరిన తరువాత అగ్గిపుల్లను సున్నంలో ముంచి దాని మీద పువ్వులు గీసేది. తెల్లటి సున్నం పసుపును తాకిందో లేదో ఎర్రగా మారిపోయేది. మొదటిసారి చూసినప్పుడు నేను అక్కకు ఏదో మంత్రం వచ్చనుకున్నాను. జిగురు వాడేది కాదు. బీడీ మూతి మడిచినట్టే కాగితం కొసలను గోటితో నొక్కి లోపలికి దోపేది. పైన నాలుగు రంగుల నూలుపోగులు పేని ముడి వేసేది. ఆ ముడిని లాగితే చాలు, కాగితం చినగకుండా పువ్వులా విచ్చుకునేది.

అక్కకు అమ్మానాన్నలు లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడు పాకే పిల్లాడట. తినిపించిందీ, బడికి పంపిందీ, జగిత్యాల కాలేజీలో చేర్పించిందీ అక్కే. సెలవులకు వచ్చినప్పుడు అతను మా వీధి పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవాడు. తప్పు చేస్తే కోప్పడేవాడు కాదు, మళ్లీ చేయించేవాడు.

అవి గోడల మీద ఎర్రక్షరాలు తెల్లవారేసరికి కనబడే రోజులు. పోలీసులకు కబురు చెప్పాడన్న అనుమానంతో అన్నలు, అదే నక్సలైట్లు, ఒకరిని కొడితే, అన్నలకు అన్నం పెట్టాడని పోలీసులు ఇంకొకరిని పట్టుకుపోయేవారు. జీపు చప్పుడైతే చాలు, మా వీధిలో తలుపులన్నీ వరసగా మూసుకునేవి. ఆ ఏడు వానాకాలంలో అక్క తమ్ముణ్ని గోడల మీద రాతలు రాశాడని పట్టుకుని జగిత్యాల జైల్లో పెట్టారు. ఆ కబురు వచ్చాక అక్క ఇంటికి రాకపోకలు ఆగిపోయాయి. ఆమె మీద ఎవరికీ కోపం లేదు, ఉన్నదంతా భయమే. ఆ నెలలో జరిగిన పెళ్లిళ్లకు చదివింపు గిన్నెలు కాగితం లేకుండానే వెళ్లాయి.

రాఖీ పున్నమి దగ్గర పడింది. ఆ రోజు జైల్లో ఉన్నవాళ్లను చూడనిస్తారని తెలిసి, అక్క మా అమ్మ దగ్గరికి వచ్చింది. గడప లోపలికి రాకుండా బయటే నిలబడింది.

"ఒక్కదాన్ని పోవుడు మంచిగుండదు వదినా. ఎవలన్న తోడుంటె..." అని ఆగిపోయింది.

నాన్న వెళ్తే రేపు పోలీసులు ఆయన పేరూ రాసుకుంటారు. అమ్మ నావైపు చూసింది. "మా పోరిని తోల్కపో. చిన్నపోరినైతే ఎవలేమనరు" అంది. అలా పదేళ్ల నేను అక్కకు తోడయ్యాను.

పండుగ ముందురోజు సాయంత్రం అక్క తమ్ముడి కోసం చుట్టుతున్న మూట దగ్గర కూర్చున్నాను. తాను కుట్టిన చొక్కా, నువ్వుల ముద్దలు, రాఖీ. అన్ని రోజులుగా ఎవరి గిన్నెలకూ వాడని కాగితాలలో మంచిది తీసి, ఎప్పుడూ వేయనన్ని పువ్వులు వేసింది. నాకు ఆగలేదు.

"పోలీసోల్లు ఎట్లయినా విప్పుతరు గద అక్కా. గింత ముస్తాబెందుకు?"

"విప్పనియ్యి" అంది అక్క, తల ఎత్తకుండా. "వాల్ల పని వాల్లు చేస్తరు. నా పని నేను చెయ్యద్దా?"

మర్నాడు కోరుట్లలో బస్సు మారి జగిత్యాల చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. జైలు గేటు ముందు ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ గుడ్డ మూటలు, స్టీలు డబ్బాలు. పువ్వుల కాగితం మా ఒక్కరి చేతిలోనే ఉంది. మా వంతు వచ్చేసరికి గేటు దగ్గరి జవాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముడి గుంజితె వస్తది సారూ" అంది అక్క.

అతను ముడి లాగలేదు. వేలు దూర్చి అడ్డంగా చింపాడు. చొక్కా జేబులు తిరగేశాడు, నువ్వుల ముద్దలన్నీ చిదిపాడు, రాఖీ మధ్యనున్న దూదిని గిల్లి చూశాడు. అన్నిటినీ కలిపి బల్ల మీదికి నెట్టి, "గీ పోరి ఎవలు?" అన్నాడు నన్ను చూస్తూ. పక్కింటి పోరినని మాత్రమే చెప్పమని అమ్మ నేర్పి పంపింది. నేను నోరు తెరిచేలోపే అక్క "మా చెల్లె" అంది.

లోపలికి వెళ్లమని చెయ్యి ఊపాడు. అక్క వెళ్లలేదు. గోడ పక్కన నేల మీద చతికిలబడి చినిగిన కాగితాన్ని మోకాలి మీద పరిచింది. ముద్దలను మళ్లీ గుండ్రంగా వత్తింది. చొక్కాను మడత పెట్టింది. లోపల మాకిచ్చే సమయం కొంచెమేనని నాకు తెలుసు. "పోదాం అక్కా, టైమైపోతది" అని ఏడుపు గొంతుతో చెయ్యి లాగాను.

"జర ఆగు చెల్లె" అంది. "గిట్ల చింపింది తమ్ముని చేతుల పెడితె, ఈడ నాకేం జరిగిందో వానికి సమజైతది. లోపట కూసొని గదే యాది చేసుకుంటడు. ఉన్న బాధ సాలదా వానికి?"

చిరుగును లోపలికి మడిచింది. ఆ మడత మీద ఇంకో మడత వేసింది. మంచి పువ్వులున్న వైపు పైకి తెచ్చి నూలుపోగుతో కట్టింది. ఇప్పుడు మూట ముందుకంటే చిన్నదైంది గానీ, చినిగిందని ఎవరూ చెప్పలేరు. ముఖం కొంగుతో తుడుచుకుని నవ్వు తెచ్చుకుంది.

లోపల ఒక చెక్క తలుపు. పైసగం ఇనుప ఊచలు, కింద గిన్నెలు అందించడానికి చిన్న సందు. ఊచల అవతల అక్క తమ్ముడు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. అక్కను చూసి నవ్వాడు. ఏం తింటున్నావంటే అన్నీ పెడుతున్నారన్నాడు. కొట్టారా అంటే, "నన్నెందుకు కొడ్తరక్కా, సదువుకున్నోన్ని" అన్నాడు. రాఖీ తీసి చెయ్యి చాపమంటే రాఖీ కట్టే కుడి చెయ్యి కాకుండా ఊచల్లోంచి ఎడమ చెయ్యి చాపాడు.

అక్క ఆ చేతిని చూసింది. రాఖీ పట్టుకున్న వేళ్లు కొంచెంసేపు కదల్లేదు. తరువాత ఏమీ అడగకుండా ఎడమ మణికట్టుకే కట్టింది.

మూటను కింది సందులోంచి అందించమని నాకిచ్చింది. నేను వంగాను. అందుకోవడానికి అతనూ అవతల వంగాడు. అప్పుడు కనబడింది కుడి చెయ్యి. పాత గుడ్డ చుట్టి ఉంది. గుడ్డలోంచి బయటికున్న మూడు వేళ్లు నల్లగా వాచి, గోళ్లు లేకుండా ఉన్నాయి. నేను చూశానని అతను చూశాడు. నా కళ్లలోకి చూస్తూ, వద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపాడు. మళ్లీ నిలబడి, "అబ్బ, ఎంత మంచిగ చుట్టినవే అక్కా! ఇప్పుడే విప్పను, లోపటికి పొయినంక విప్పుత" అన్నాడు.

తిరుగు దారంతా అక్క నా చెయ్యి వదల్లేదు. కోరుట్ల బస్టాండులో నాకు జామకాయ కొనిపెట్టింది. నేను కొరకలేకపోయాను. చెప్పాలనీ ఉంది, చెప్పకూడదనీ ఉంది. ఒకే తలుపుకు అటూ ఇటూ నిలబడి ఇద్దరూ ఒకరికోసం ఒకరు దాచుకున్నది పదేళ్ల పిల్లను నేనొక్కదాన్నే చూశాను.

ఆ చలికాలంలో, వేరే జైలుకు తీసుకుపోతుంటే పారిపోబోయాడని, కాల్పుల్లో చనిపోయాడని కబురొచ్చింది. శవాన్ని తెచ్చిన రోజు మా వీధి తలుపులు మూసుకునే ఉన్నాయి. మొదట మా తలుపు తెరుచుకుంది. అమ్మ వెళ్లి అక్క పక్కన కూర్చుంది. తరువాత ఒక్కొక్కటిగా మిగతావీ తెరుచుకున్నాయి. ముఖం తప్ప శరీరమంతా గుడ్డలో గట్టిగా చుట్టి తెచ్చారు. పోలీసులు విప్పనివ్వలేదు.

అక్క ఆ తరువాత కోరుట్లలో మేనమామ ఇంటికి వెళ్లిపోయింది. నాకు పెళ్లై పిల్లలు పుట్టాక ఒకసారి చూడటానికి వెళ్లాను. బీడీలు చేస్తూనే ఉంది. చూపు తగ్గింది. అదీ ఇదీ మాట్లాడుకున్నాక, చాట పక్కన పెట్టి అడిగింది.

"నువ్వు పొట్టిగుంటివి గద ఆ దినం. కిందికెల్లి సూస్తివి. వాని కుడి చెయ్యి ఎట్లుండె బిడ్డా?"

అన్నేళ్లుగా ఆ ప్రశ్న ఆమె లోపల అలాగే ఉండిపోయిందని అప్పుడు తెలిసింది.

"మంచిగనే ఉండె అక్కా" అన్నాను. "గోడకు ఆనిచ్చుకున్నడు, గంతే."

అక్క నా ముఖం వైపు చాలాసేపు చూసింది. "గట్లనా" అంది. నా తల మీద చెయ్యి వేసి, "మంచిది" అంది. నమ్మిందో, నన్ను బాధపెట్టడం ఇష్టం లేక నమ్మినట్టు నటించిందో నాకు ఈనాటికీ తెలియదు.

ప్రేమించినవాళ్ల చేతికి చిరుగు తగలకుండా ఇవ్వడం ఆ రోజు అక్క దగ్గరే నేర్చుకున్నాను. అలా మడిచిపెట్టిన చిరుగును ఎవరో ఒకరు లోపల దాచుకుని బతకాలన్నది మాత్రం ఆమె నేర్పలేదు, అది నాకు మెల్లగా తెలిసింది. ఆ మూడు వేళ్ల సంగతి అమ్మకూ చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, వినడానికి అక్క లేదు గనక.