శివరాత్రి దాటాక రవ్వ చేప ఎక్కడుంటుందంటే

కాక పోయాడని స్టోర్‌లో ఉండగా తెలిసింది. గురువారం మధ్యాహ్నం, ఎవరికో చేతి తొడుగులు ఇస్తున్నాను. క్యాంప్ బాస్ ఫోన్ చేసి, మీ ముసలాయన లేవడం లేదు, రా అని హిందీలో అన్నాడు. ఈ అరబ్బు దేశంలో, మెసయీద్‌లో మా ప్లాంటు గేటు నుంచి క్యాంపుకు పది నిమిషాల దారి. నేను వెళ్లేసరికి అంబులెన్స్ వచ్చి ఉంది. అందులోంచి దిగినవాళ్లు ఏమాత్రం తొందరపడడం లేదు. దాంతోనే నాకు అర్థమైపోయింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషి నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు. చెప్పులు మంచం కింద ఎప్పటిలాగే గోడవైపు తిప్పి పెట్టి ఉన్నాయి.

ఆయన నాకు చుట్టం కాదు. నాది కరీంనగర్ పక్కన, ఆయనది నిర్మల్ వైపు, చెరువునానుకుని ఉన్న ఊరు. మావైపు నాన్న తమ్ముణ్ని కాక అంటాం. ఒకే గదిలో పదకొండేళ్లు, కింది మంచం ఆయనది, పై మంచం నాది. పెద్దయ్యాక ఇంట్లోవాళ్లతో కూడా నేను వరసగా ఇన్నేళ్లు ఉన్నది లేదు.

ఆయన పని రిగ్గర్. అంటే పైపులకీ వాల్వులకీ తాళ్లు, గొలుసులు కట్టి క్రేన్ కొక్కేనికి తగిలించి, చేతి సైగలతో పైకి లేపించే పని. చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు కాబట్టి ముడి వేయడం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. "గీ కొక్కెం జర పెద్దగున్నది గని, గాలమే గదరా" అనేవాడు. ఆయన కట్టిన బరువు జారిందని నేనెప్పుడూ వినలేదు.

శుక్రవారం కంపెనీ బస్సు మమ్మల్ని అల్ వక్రాలో దింపేది. అందరూ బజారుకు పోతే కాక హార్బర్ దాటి రాళ్ల ఒడ్డుకు పోయేవాడు. చేతిలో తెల్ల పెయింట్ బకెట్. అందులోవి బయట పెట్టి, దాన్ని బోర్లించి కూర్చునేవాడు. చెక్క ముక్కకు చుట్టిన దారం, బెండు, గాలం, ఒక డబ్బాలో పిండిముద్ద. ఆ పిండిముద్ద గురించి చెప్పాలి. వేయించిన తవుడు, నూనె తీసిన పల్లి చెక్క, గోధుమపిండి కలిపి పిసికేవాడు. తవుడు, చెక్క ఊరి నుంచి ఎవరు వచ్చినా తెప్పించుకునేవాడు. గురువారం సాయంత్రం క్యాంపు వంటింట్లో తవుడు వేయిస్తుంటే నేపాలీ వంటవాడు తిట్టేవాడు. నేనూ విసుక్కునేవాణ్ని. గదంతా ఆ వాసనే, నా దిండుకు కూడా.

అది చెరువు చేపల ఎర. సముద్రం చేప దాన్ని ముట్టదు. పక్కన బెంగాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు రొయ్య ముక్కలు గుచ్చి ఒకదాని వెంట ఒకటి లాగుతుంటే మా కాక బెండు మాత్రం కదలకుండా తేలుతుండేది.

"కాకా, ఇవి ఉప్పునీళ్ల చేపలు. గీ తవుడు ఎర్కనా వాటికి?" అని ఎగతాళి చేశాను మొదట్లో.

"చేపల కోసం ఎవడొచ్చిండు?" అన్నాడు. "చెయ్యి మర్వద్దని వచ్చిన."

ఎందుకు మర్చిపోకూడదంటే, ఆయనకు ఒక ఆశ ఉండేది. శివరాత్రి దాటాక ఉగాది దాకా ఉండే ఆ నెల రోజుల్లో తన చెరువు మీద ఒక్కసారి కూర్చోవాలి. వినడానికి ఇదేం పెద్ద కోరిక అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఎండలు ముదరకముందు, సరిగ్గా ఆ రోజుల్లోనే ప్లాంటు ఆపి మరమ్మతులు చేస్తారు. షట్‌డౌన్ అంటాం. షట్‌డౌన్‌లో రిగ్గర్‌కు సెలవివ్వరు. రెండేళ్లకోసారి ఆయనకు సెలవు దొరికేది వానల్లోనే. అప్పుడు చెరువు ఎర్రనీళ్లతో ఉంటుంది, గాలానికి పనికిరాదు. ఇరవై రెండేళ్లుగా ఆయన వసంతం చూడలేదు. దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఫోర్‌మన్ "నెక్స్ట్ ఇయర్, యల్లా" అని పనికి తోలేవాడు.

మూడేళ్ల కిందట ఆ నెలలో నాకు సెలవు దొరికింది. స్టోర్‌కీపర్ లేకపోయినా ప్లాంటు నడుస్తుంది కదా. కాక నా పెట్టె సర్దుతూ పక్కన కూర్చుని చెప్పాడు.

"సలికాలమంత చేప తూము కాడ లోతుల పండుకుంటది. శివరాత్రి పోయినంక ఎండకు పలుచ నీళ్లు ముందుగాల ఎచ్చగైతయి. అప్పుడు అంచుకొస్తది. పొద్దుగాల్నే పోకు, నీళ్లు సల్లగుంటయి. పొద్దు జర ఎక్కనియ్యి. గాలి ఎటు కొడితే ఆ ఒడ్డుకు పో, మేతంత ఆడికే కొట్టుకస్తది. ఒక్క రవ్వను పట్టు. పట్టి ఇడిసిపెట్టినా మంచిదే. వచ్చి నాకు చెప్పు."

నేను పోలేదు. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ ఉంది, ఇంటికి రేకులు మార్పించేది ఉంది, ఇవన్నీ నిజమే. అవన్నీ అయ్యాక కూడా నాలుగు రోజులు ఖాళీగా ఉన్నాను. రెండు బస్సులు మారాలి, ఎండలో ఎవరు పోతారులే అనుకున్నాను. బద్ధకం, అంతే.

తిరిగొచ్చిన రోజు కాక క్యాంపు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పెట్టె అందుకుంటూ "పడ్డదా?" అన్నాడు. ఆ మొహం చూసి లేదనలేకపోయాను.

"పడ్డది కాకా. రెండు కిలోల రవ్వ."

"మా ఇంటికి పోయినవా?"

"టైం లేకుండె. చెరువు మీదికి పోయి అట్లనే మర్లి వచ్చిన."

"ఫోటువ?"

"చేతులు తడిగుండె."

కాసేపు నన్నే చూశాడు. "మంచిగైంది. ఫోటువల ఏముంటది. చెప్పు" అన్నాడు.

చెప్పాను. నాకు తెలిసిందల్లా ఆయన చెప్పిందే కాబట్టి దాన్నే తిప్పి చెప్పాను. తెలియని చోట కల్పించాను. ఎర్రలు గుచ్చానన్నాను. కాక చెయ్యెత్తి ఆపాడు. "ఎర్రలకు రవ్వ వడుతదా? జెల్లలొస్తయి. పిండిముద్ద పెట్టినవ్, యాదికి లేదు నీకు." అవును కాకా, పిండిముద్దే అన్నాను.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. తరువాతి శుక్రవారం వక్రా ఒడ్డున బకెట్ మీద సర్దుకుని కూర్చుని, "రవ్వ ముచ్చట మల్ల చెప్పు" అన్నాడు. ఆ తరువాతి శుక్రవారం కూడా అంతే. మూడేళ్లూ చెప్పించుకున్నాడు. చెప్పినప్పుడల్లా ఒకటి దిద్దేవాడు. ఎర నీళ్ల నడుమ వేలాడదీశానంటే, "బొచ్చె నోరు మీదికుంటది, దానికైతే నడుమ. రవ్వ నోరు కిందికి. అడుగునేసినవ్" అనేవాడు. వచ్చీ రాగానే గాలం వేశానంటే, "ముందుగాల పిడికెడు తవుడు సల్లి, ఒక బీడీ తాగేంత సేపు ఆగినవ్" అనేవాడు. బెండు వణకగానే లాగానంటే నవ్వేవాడు. "వణికితే పిల్లలు కొరుకుతున్నట్టు. లేపకు. ఒక్కసారే మునిగితది సూడు, అప్పుడు." ఒకసారి ఉన్నట్టుండి, "నీ నీడ యాడ పడ్డది?" అని అడిగాడు. తడబడి, నీళ్ల మీద అన్నాను. "పడనియ్యలే నువ్వు. పొద్దు మొకాన పెట్టుకుని కూసున్నవ్" అన్నాడు నెమ్మదిగా, పసిపిల్లవాడికి చెప్పినట్టు.

అలా నా అబద్ధం ఏడాదికేడాది బాగుపడుతూ వచ్చింది. చివరికి అందులో నాది ఒక్క ముక్క కూడా మిగల్లేదు. లోపల మాత్రం గుచ్చుకుంటూనే ఉండేది. చాలాసార్లు నిజం చెప్పేద్దామనుకున్నాను. కాక కళ్లు మూసుకుని వింటున్నప్పుడు నోరు వచ్చేది కాదు. ఆ నెలలో సెలవు దొరికితే ఆయనే చెరువు మీదికి పోతాడు, అప్పుడు నిజం చెప్పి తిట్టించుకుంటాలే అనుకున్నాను. ఈ ఏడు కూడా దరఖాస్తు పెట్టాడు. షట్‌డౌన్ వచ్చింది.

కాకను పెట్టిన పెట్టె ఊరికి వెళ్లడానికి తొమ్మిది రోజులు పట్టింది. కాగితాలు పూర్తయ్యాక విమానంలో హైదరాబాద్, అక్కడి నుంచి అంబులెన్స్‌లో ఊరికి. నేను తోడు వెళ్లలేదు, షట్‌డౌన్ అని ఈసారి నాకూ సెలవివ్వలేదు. ఆయన బట్టలు, కండువా, మందుల సంచి సర్ది పంపాను. బకెట్, దారం నా మంచం కిందే ఉండిపోయాయి. కింది మంచం ఖాళీ. తవుడు వాసన పోయింది. దాని మీద అన్నేళ్లు విసుక్కున్నవాణ్ని, ఇప్పుడు దిండు తిప్పి తిప్పి వాసన చూసుకుంటున్నాను. మాట్లాడడానికి మనుషులు లేక కాదు, గదిలో ఇంకా నలుగురున్నారు. మళ్లీ చెప్పు అని నన్ను అడిగేవాళ్లే లేరు.

దినాలయ్యాక ఆయన కొడుకు ఫోన్ చేశాడు. వ్యవసాయం చేసుకునే మనిషి, నాకన్నా ఐదారేళ్లు చిన్న. పంపినవన్నీ అందాయని చెప్పాడు. దారం, గాలం నా దగ్గరే ఉన్నాయి, పంపమంటావా అని అడిగాను.

"ఉంచుకో అన్నా. నాయినకు నువ్వంటే బాగ పానం."

ఆ మాటతో నాకు మనసాగలేదు. "తమ్మీ, ఒక మాట చెప్త. నేను మీ చెరువుకు పోలేదు. రవ్వను పట్టలేదు. కాకకు అబద్ధం చెప్పిన" అన్నాను.

"ఎర్కే అన్నా. ఆ యేడు మా చెర్ల నీళ్లెక్కడియి? పూడిక తీసుడు, తూము రిపేరని సంక్రాంతికే అంత ఖాళీ చేసిండ్రు. అడుగంత ఎండి పర్రెలు వాసి ఉండె."

"మరి కాకకు తెల్వదా?"

"నేనే చెప్పిన ఫోన్ల. నువ్వు సెలవు మీద రాకముందే చెప్పిన. బాగ బాధపడ్డడు. తర్వాత ఒకనాడు అమ్మకు ఫోన్ జేసి, మన చెర్ల రవ్వ వడ్డదే అని నవ్విండు. అమ్మ, నేను ఏమనలేదు."

ఫోన్ పెట్టేశాక గేటు దగ్గర ఆయన నన్ను చూసిన చూపు గుర్తొచ్చింది. నా పెట్టె సర్దుతూ తూము, అంచు, గాలి అని చెబుతున్నప్పటికే ఆయన చెరువు ఎండిపోయి ఉంది. నువ్వు పోలేదు కదా అని నన్ను ఒక్కసారి కూడా నిలదీయలేదు. మూడేళ్లపాటు నా అబద్ధాన్ని దిద్దుకుంటూ ఆయన తన చెరువు మీద కూర్చున్నాడు. కంపెనీ సెలవు ఇవ్వలేదు, ఊళ్లో ఆ ఏడు చెరువులో నీళ్లు లేవు. ఆయనకు మిగిలింది నేను చెప్పిన రవ్వ ఒక్కటే.

నిన్న శుక్రవారం. శివరాత్రి దాటింది, ఉగాది ఇంకా రాలేదు. గోధుమపిండి ఒక్కటే దొరికింది, తవుడు లేదు. వక్రాలో రాళ్ల ఒడ్డున బకెట్ బోర్లించి పెట్టాను గానీ దాని మీద కూర్చోలేదు, పక్కన రాయి మీద కూర్చున్నాను. పొద్దు కాస్త ఎక్కనిచ్చాను. నా నీడ నీళ్ల మీద పడుతోందని లేచి, ఎండ మొహాన కొట్టేలా ఇటు తిరిగాను. గాలం వేశాను. పక్కన రొయ్యలు గుచ్చుకుంటున్న ఫిలిప్పీన్స్ అతను నా పిండిముద్ద చూసి నవ్వాడు, తల ఊపాను.

కాసేపటికి బెండు వణికింది. లేపలేదు.

"నేను పోయిన్నాడు చెరువు నిండుగుండె కాకా" అని ఖాళీ బకెట్ వైపు తిరిగి మొదలుపెట్టాను.